స్పోకు పానా, అత్తమ్మ చూపు

సైకిలును తిరగేసి సీటు మీద, హ్యాండిల్ మీద నిలబెట్టేముందు బెల్లును పక్కకు తిప్పుకోవాలి. లేకపోతే బరువంతా దాని మీద పడి మూత సొట్టపోతుంది. ఈ సంగతి నాకు మా బాపు చెప్పాడు. బాపు మెకానిక్ కాదు. కేసముద్రం దగ్గరి ఊళ్ళో పత్తి, మిర్చి పండించే రైతు. బావి దగ్గర మోటారు ఆగిపోతే మహబూబాబాద్ నుంచి మనిషి వచ్చేదాకా చేను ఎండుతుంది కాబట్టి పానాలు పట్టడం తప్పనిసరై నేర్చుకున్నాడు.

మా ఊరి నుంచి హైస్కూలుకు వెళ్ళే దారిలో పంచరు షాపు ఒక్కటే ఉండేది, మార్కెట్ యార్డు గేటు పక్కన. పత్తి వచ్చే రోజుల్లో అక్కడ లారీలు, ట్రాక్టర్లు బారులు తీరేవి. డ్రైవర్లంతా ఆ షాపు బెంచీ మీదే కూర్చునేవాళ్ళు. సైకిల్ పట్టుకుని అక్కడ నిలబడితే అందరి చూపులూ నా మీదే. ఒకరోజు గాలి పోయిన సైకిలును తోసుకుంటూ ఇంటికి వచ్చి ఇక ఆ షాపుకు పోనని చెప్పాను. బాపు ఎవరినీ తిట్టలేదు, నన్ను బడి మానమనీ అనలేదు.

"ఇంట్లనే నేర్సుకో బిడ్డా. ఎవని దగ్గర నిలవడే పనుండది," అన్నాడు.

సాయంత్రం తన సంచిలోంచి ఒక పానా తీసి ఇచ్చాడు. రెండు చివరలా ఉబ్బి, ఒక్కో ఉబ్బు చుట్టూ రకరకాల సైజుల రంధ్రాలున్న పానా. సైకిల్‌లో ఏ నట్టుకైనా అందులో ఒక రంధ్రం సరిపోతుంది. నాకది ఆట వస్తువులా కనిపించి నట్టుకు తగిలించి గట్టిగా గుంజబోయాను. బాపు నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"ముందుగాల పానా నట్టు మీద పూర్తిగ కూసున్నదా సూడు. కూసున్నంక బలం పెట్టు. ఉత్తగ గుంజితే నట్టు మూలలు పోతయి, నీ చెయ్యి గూడ పోతది."

ఆ ఏడాదంతా వెనక చక్రం విప్పడం, బిగించడం, ట్యూబు తీసి బకెట్ నీళ్ళలో ముంచి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో వెతకడం, ఉప్పుకాగితంతో రుద్ది సొల్యూషన్ పూయడం నేర్చుకున్నాను. సొల్యూషన్ పూయగానే ప్యాచ్ అతికించకూడదు, వేలికి అంటనంత ఆరాలి. ఆ కాస్త ఓపిక నాకు చాలా రోజులకు గానీ పట్టుబడలేదు. పట్టుబడ్డాక నేను వేసిన ప్యాచ్ ఊడిన జ్ఞాపకం లేదు. పదో తరగతికి వచ్చేసరికి మా ఊరి ఆడపిల్లలందరి సైకిళ్ళూ మా వాకిట్లోనే బాగయ్యేవి. యార్డు గేటు ముందు నుంచి మేం వరుసగా తొక్కుకుంటూ పోయేవాళ్ళం, ఒక్కరం కూడా ఆగకుండా.

తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి ప్రభుత్వ దవాఖానలో ఉద్యోగం తెచ్చుకున్నాను. పెళ్ళయింది, పాప పుట్టింది, భూపాలపల్లిలో కాపురం. మా ఆయన ఆఫీసు ఉద్యోగి. సైకిల్ గురించి ఆయనకు తెలిసింది తొక్కడం ఒక్కటే, అదీ మానేసి చాలా కాలమైంది. నేను మాత్రం దవాఖానకు సైకిల్ మీదే వెళ్ళేదాన్ని. బొగ్గు లారీలు తిరిగే ఊరు కాబట్టి చైను మీద నల్లటి దుమ్ము పేరుకునేది. ఆదివారం పాత టూత్‌బ్రష్‌కు కిరసనాయిలు అద్ది లంకె లంకెకూ రుద్ది, ఆరాక ఒక్కో చుక్క నూనె వేసేదాన్ని. పెడల్ ఒక్కసారి తిప్పితే చైను చప్పుడు లేకుండా జారిపోయేది. ఆ చప్పుడు లేకపోవడమే నాకు వారమంతటికీ దక్కిన బహుమతిలా ఉండేది.

మా పాప ఆరో తరగతిలో ఉండగా మామయ్య కాలం చేశారు. చిట్యాల దగ్గరి ఊళ్ళో ఇల్లు తాళం వేసి అత్తమ్మ మా దగ్గరికి వచ్చేసింది. ఆమె భూములున్న ఇంటి కోడలు. మామయ్య ఊరి రాజకీయాల్లో తిరిగిన మనిషి. ఆ ఇంట్లో ఏది పాడైనా మనిషిని పిలవడమే గానీ ఇంటివాళ్ళు చెయ్యి పెట్టడం ఎరగరు. అందులోనూ ఆడవాళ్ళు. వచ్చిన మొదటి ఆదివారం నేను వాకిట్లో చక్రం ఊడదీసి కూర్చుంటే ఆమె గడపలో నిలబడిపోయింది.

"ఏందిది బిడ్డా? దవాఖాన్ల నౌకరి జేసేదానివి, వాకిట్ల కూసోని చేతులు నల్లగ జేస్కుంటవా? సూసెటోల్లు ఏమనుకుంటరు?"

"పంచరయింది అత్తమ్మా. రేపు పొద్దుగాల డ్యూటీకి పోవాలె."

"గందుకు షాపులుంటయి గద."

నేను టైరు విప్పడం మొదలుపెట్టాను. అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. రిమ్ములోంచి టైరును పైకి లేపడానికి నేను స్టీలు చెంచాల కాడలు వాడేదాన్ని. స్క్రూడ్రైవర్ పెడితే ట్యూబుకు కొత్త బొక్క పడుతుంది. చెంచా కాడ మెత్తగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి ట్యూబును కోయదు. ఆరోజు చేతికందిన చెంచాలు అత్తమ్మ ఊరి నుంచి తెచ్చుకున్నవి. మధ్యాహ్నం పప్పు వడ్డించబోతూ ఆమె ఒకదాన్ని పైకెత్తి చూసింది. కాడ కొడవలిలా వంగి ఉంది.

"మీ మామ వరంగల్ల కొన్న చెంచలు గివి. చెంచలతోని సైకిల్ బాగు జేసే ఇల్లు నేనేడ సూడలేదు," అంది. నవ్వు ఆపుకోలేక మా పాప పళ్ళెంతో సహా లోపలికి పారిపోయింది.

మర్నాడే బజారుకు వెళ్ళి టైరు విప్పే పట్టీలు కొన్నాను. అవీ చెంచా కాడల్లాంటివే, కాకపోతే వంగవు. ఒక చివర కొక్కెం ఉంటుంది, దాన్ని స్పోకుకు తగిలిస్తే పట్టీ తనంతట తానే నిలబడుతుంది, రెండో చెయ్యి ఖాళీ. అంత తేలికైన పనికి ఇన్నేళ్ళు చెంచాలతో కుస్తీ పట్టానా అనిపించింది. అత్తమ్మ వాటిని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి తిరిగి ఇచ్చింది. చెంచాలను మాత్రం తన బట్టల పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది.

పాప ఏడో తరగతిలో ఉండగా బడి ముందు నిలిపిన తన సైకిలును వెనక్కి వస్తున్న ఆటో గుద్దింది. వెనక చక్రం తిరుగుతుంటే ఎడమకూ కుడికీ ఊగుతూ బ్రేకు రబ్బరుకు రాసుకునేది. సైకిల్ షాపుకు తీసుకుపోతే రిమ్ము పోయింది, కొత్తది వెయ్యాలన్నారు. చూడబోతే రిమ్ము ఎక్కడా చిట్లలేదు. వంకర తీయవచ్చు కదా అనిపించింది. బాపు నాకది నేర్పలేదు, ఆయనకూ రాదు.

ఆ పనికి కావాల్సిందల్లా స్పోకు పానా. అరచేతిలో ఇమిడిపోయే గుండ్రటి బిళ్ళ, అంచు చుట్టూ చిన్న చిన్న గాట్లు. స్పోకు రిమ్మును కలిసేచోట చిన్న గొట్టంలాంటి నట్టు ఉంటుంది, దాన్ని నిపుల్ అంటారు. ఆ నిపుల్‌కు గాటు తగిలించి తిప్పితే స్పోకు బిగుస్తుంది, లేదా వదులవుతుంది. చక్రం ఎడమకు వంగినచోట కుడివైపు స్పోకులు బిగించి, ఎడమవైపువి కాస్త వదలాలి. చెప్పడానికి ఇంతే. ఫోనులో వీడియోలు చూసి నాకు వచ్చేసిందనుకున్నాను. పాప చక్రం మీద ప్రయోగం చేసే ధైర్యం మాత్రం లేక పాత ఇనుప సామాన్ల దుకాణం నుంచి ఒక వంకర చక్రం తెచ్చాను. కొండంత ధీమాతో మొదలుపెడితే సాయంత్రానికి అది వచ్చినప్పటికంటే అధ్వానంగా తయారైంది. టైరు వైపు నుంచి చూసినప్పుడు బిగించే దిక్కు, ఇరుసు వైపు నుంచి చూసినప్పుడు వదిలే దిక్కు అవుతుంది. నేను బిగిస్తున్నాననుకుని వదులుతున్నాను.

అట్లా చాలా ఆదివారాలు గడిచాయి. వరండాలో తిరగేసిన సైకిలుకు ఆ పాత చక్రం బిగించుకుని కూర్చునేదాన్ని. అత్తమ్మ మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేదు, కుర్చీలో కూర్చుని అనపకాయలు ఒలిచేది. ఒకరోజు కాయలు ఒలుస్తూనే అంది.

"గటు గాదు, ఇటు. ఎడమ దిక్కు గుంజుతున్నది, కనవడ్తలేదా?"

చక్రం ఆపి చూశాను. నాకేం కనిపించలేదు. మళ్ళీ తిప్పాను.

"ఆ... ఆగు. గిదే, గీ పుల్ల కాడ," అని చిక్కుడు తీగ లాంటి వేలితో చూపించింది.

ఆమె చూపినచోట సరిచేసి తిప్పితే ఊపు తగ్గింది. "నీకెట్ల తెలిసింది అత్తమ్మా?"

"నాట్లేసేటప్పుడు ఒడ్డు మీద నిలవడి సూసేదాన్ని. ఒక్క మొక్క సాలు తప్పినా పొలమంత గదే కనవడ్తది నాకు. మీ మామ నవ్వేటోడు," అంది. మామయ్య మాట వచ్చినప్పుడు ఆమె గొంతు ఎప్పుడూ కాస్త తగ్గేది. ఆరోజు తగ్గలేదు.

ఆ తర్వాత కుర్చీ కొంచెం కొంచెంగా ముందుకు జరిగింది. అనపకాయల గిన్నె పక్కకు పోయింది. పాప పాత పలక పెట్టెలోంచి సుద్దముక్క తెచ్చి అత్తమ్మ చేతికిచ్చాను. ఆమె మోచేయిని ఫ్రేముకు ఆనించి సుద్దను రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో కదలకుండా పట్టుకునేది. నేను చక్రం మెల్లగా తిప్పేదాన్ని. వంకరున్నచోట సుద్ద గీత పడేది. గీత పొడుగ్గా ఉంటే ఎక్కువ స్పోకులు, పొట్టిగా ఉంటే ఒకటో రెండో. పానాను పావు చుట్టు మించి తిప్పకూడదని, తిప్పిన ప్రతిసారీ చక్రం మళ్ళీ తిప్పి చూడాలని మాకు మేమే నేర్చుకున్నాం. స్పోకులను వేలితో మీటితే బిగువుగా ఉన్నవి ఖంగుమనేవి, వదులుగా ఉన్నవి బొయ్యిమనేవి. ఆ చప్పుడు నాకు బాగా పట్టుబడింది. చూపు ఆమెది, చెవి నాది.

పాత చక్రం ఊగకుండా తిరిగిన రోజు అత్తమ్మ పాపను పిలిచి, "ఇగ నీది తే," అంది. షాపులో పారేయమన్న ఆ రిమ్ముతోనే పాప మరుసటి రోజు బడికి వెళ్ళింది.

పాప ఎనిమిదో తరగతి పూర్తయ్యేసరికి నాకు జనగామకు బదిలీ అయింది. పాప అక్కడి బడిలో తొమ్మిదో తరగతిలో చేరి సైకిల్ పోటీల్లో పేరు ఇచ్చింది. ఊరి బయట రోడ్డు మీద పెట్టిన పోటీ. ఖరీదైన సైకిళ్ళు కాదు, మామూలు సైకిళ్ళతోనే. ముందు రోజు సాయంత్రం నేను, అత్తమ్మ సైకిలంతా విప్పి సర్దాం. చక్రాల ఇరుసుల్లోని గోళీలు కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీసులో పొదిగి బిగించాం. అత్తమ్మ చక్రాన్ని ఒక్క వేలితో తోసి అది ఎంతసేపు తిరుగుతుందో చూస్తూ కూర్చుంది. "నీళ్ళ మీద జారినట్టు తిరుగుతున్నది," అంది.

పొద్దున్నే అందరం వెళ్ళాం. పెళ్ళికి వెళ్తున్నట్టు అత్తమ్మ జరీ అంచు చీర కట్టింది. పోటీకి ముందు పిల్లలంతా దారి అలవాటు చేసుకోవడానికి ఒక చుట్టు తొక్కుతున్నారు. మలుపులో ఇద్దరమ్మాయిలు ఒకరికొకరు తగిలి పడ్డారు. అందులో ఒకరు మా పాప. మోచేయి దోక్కుపోయింది, అంతకుమించి దెబ్బలేం లేవు. రెండో అమ్మాయీ లేచి నిలబడింది. కానీ మా పాప సైకిల్ ముందు చక్రం నూనెలో వేసిన అప్పడంలా మెలిక తిరిగింది. చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే ఫోర్కు మధ్య అది తిరగడం కూడా లేదు.

పోటీ నడుపుతున్న పెద్దాయన వచ్చి చక్రం చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది ఇగ నడవదమ్మా. పాపను పక్కకు కూసోవెట్టుండ్రి. వచ్చే యేడు సూద్దాం."

మా ఆయన ఆదివారం పొద్దున తెరిచిన షాపు ఎక్కడైనా ఉందేమోనని స్కూటర్ మీద ఊళ్ళోకి పరుగెత్తాడు. పాప ఏడవడం లేదు, పళ్ళు బిగించి నేలను చూస్తోంది. చిన్న ఊపులు సరిచేయడం వేరు, ఇంత మెలిక నేనెప్పుడూ ముట్టలేదు. అప్పుడు వెనక నుంచి అత్తమ్మ గొంతు వినబడింది.

"పానాల పెట్టె తెచ్చినవా?"

"తెచ్చిన అత్తమ్మా."

"మరేం సూస్తున్నవ్? కూసో."

చక్రం విప్పి, పట్టీలతో టైరూ ట్యూబూ తీసి పక్కన పెట్టాను. పక్కనే ఉన్న భవనం మెట్టుకు రిమ్మును ఆనించి, మెలిక పైకి వచ్చినచోట రెండు చేతులూ వేసి ఒళ్ళంతా పెట్టి నొక్కాను. కదల్లేదు. అత్తమ్మ కొంగు నడుముకు దోపి, ఎవరో తెచ్చి వేసిన కుర్చీలో కూర్చునే ముందుకు వంగి, అవతలి అంచు మీద తన రెండు చేతులూ వేసింది. ఇద్దరం కలిసి నొక్కితే టప్పుమని చప్పుడైంది. విరిగిందేమో అనుకున్నాను. చూస్తే రిమ్ము మెలిక వదిలింది. ఒక స్పోకు మాత్రం తెగిపోయింది. దాన్ని పక్క స్పోకుకు చుట్టేశాను.

సైకిలు తిరగేసి చక్రం ఫోర్కులో బిగించాను. సుద్దముక్క అత్తమ్మ చేతిలో, స్పోకు పానా నా చేతిలో. చుట్టూ జనం మూగారు. మగపిల్లల పోటీ ముందు మొదలైంది కాబట్టి మాకు కాస్త వ్యవధి దొరికింది. గుంపులోంచి ఎవరో, "గీ ఆడోల్లతోని అయితదా?" అన్నాడు.

అత్తమ్మ సుద్ద కదలకుండానే తల తిప్పింది. "అయితదో కాదో సూస్తందుకే నిలవడ్డవ్ గద అన్నా. జర ఎలుగుకు అడ్డం లేకుండ జరుగు, నాకు చక్రం కనవడాలె."

అందరూ నవ్వారు. అతనూ నవ్వి పక్కకు జరిగాడు. నేను తిప్పుతున్నాను, ఆమె "ఆగు" అంటోంది, నేను మీటి చూసి బిగిస్తున్నాను. ఇంటి వరండాలో ఎలా చేశామో అలాగే. చివరికి చక్రం ఊపు పూర్తిగా పోలేదు గానీ చిటికెన వేలి గోరంతే మిగిలింది. తెగిన స్పోకుతో అంతకంటే కుదరదు. బ్రేకు రబ్బర్లను రిమ్ముకు రాసుకోకుండా కాస్త దూరం జరిపి, మా ఆయన ఏ షాపూ తెరవలేదంటూ తిరిగొచ్చేసరికి టైరు ఎక్కించి గాలి కొడుతున్నాను. పాప ఒక్కసారి కూర్చుని చూసుకుని, "బ్రేకు లేటుగ పడుతది కదమ్మా?" అంది.

"పడుతది. మలుపు కాడ ముందుగాలనే పట్టు."

పోటీ నడిపే పెద్దాయన వచ్చి ముందు చక్రాన్ని గాల్లోకి లేపి తిప్పి చూశాడు. రెండోసారీ తిప్పాడు. పాపను గీత దగ్గరికి పంపించాడు.

పాప గెలవలేదు. ముందున్న గుంపును దాటలేకపోయింది, మలుపుల దగ్గర వేగం తగ్గించుకోవాల్సి వచ్చింది. కానీ ఆగకుండా చివరిదాకా తొక్కింది, తన కంటే కొత్త సైకిళ్ళున్న వాళ్ళను ఎందరినో వెనక వదిలేసి. వచ్చి సైకిల్ దిగుతూనే, "స్పోకు తెగకపోయుంటే అందుకునేదాన్ని," అని కోపంగా అంది. ఆ కోపం చూసి నాకు ముచ్చటేసింది. సాకు వెతుక్కునేవాళ్ళ కోపం కాదు, వచ్చేసారి చూసుకుందామనే వాళ్ళ కోపం.

పెద్దాయన మళ్ళీ మా దగ్గరికి వచ్చాడు. "చక్రం ఎవరు జేసిండ్రు? మీరేడ నేర్సుకున్నరు?" అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ చెప్పింది.

"మేమిద్దరం జేసినం. అత్తాకోడండ్లం. ఇంట్లనే నేర్సుకున్నం."

చేతులు నల్లగా చేసుకుంటావా అని అడిగిన మనిషి చేతులు మోచేతిదాకా నల్లగా ఉన్నాయి. జరీ అంచుకూ గ్రీసు అంటింది. ఆమె దాన్ని దాచుకోలేదు, ఇంటికి వెళ్ళేదాకా తుడుచుకోనూ లేదు. దారిలో పలకరించిన ప్రతి ఒక్కరికీ ఆ చేతులు చూపించి కథ మొదటి నుంచీ చెప్పింది. ఉద్యోగం వచ్చిన రోజు కూడా నాకు అంత గర్వంగా అనిపించలేదు.

ఇప్పుడు జనగామలో మా వీధి పిల్లల చక్రాలు మా వరండాలోకే వస్తాయి. నాతో పనిచేసే నర్సు ఒకామె బయ్యారం వైపు తండా నుంచి వచ్చింది. ఆదివారాలు తన కూతురి సైకిల్ తెచ్చుకుని నా పక్కన కూర్చుని నేర్చుకుంటుంది. తమ ఇంటి భాషలో ఏదో పాడుకుంటూ నాకంటే శుభ్రంగా చైను కడుగుతుంది. నాకిష్టమైన పనిముట్టు ఏదని ఆమె ఒకసారి అడిగింది. పానాలన్నీ నేల మీద పరిచి చూసుకున్నాను. ఒకదాన్ని ఎత్తితే ఇంకోదానికి అన్యాయం చేసినట్టనిపించి దేన్నీ ఎత్తలేకపోయాను.

ఈ మధ్య ఒక కోరిక పుట్టింది. సైకిలును తిరగేసే పని లేకుండా చక్రాన్ని ఒక్కదాన్నే నిలబెట్టుకునే స్టాండు కావాలి. పాత ఫోర్కు ఒకటి సంపాదించి, నేనూ అత్తమ్మా ఆటోలో వెల్డింగ్ షాపుకు వెళ్ళాం. ఫోర్కును తలకిందులుగా ఇనుప పలక మీద అతికించమని చెప్పాను. వెల్డింగ్ చేసే అతను ఎత్తు ఎంత ఉండాలని అడిగాడు. నేను కొలత చెప్పబోతే అత్తమ్మ ఆపి, అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. గాల్లో సుద్ద పట్టుకున్నట్టు చెయ్యి చాపింది.

"గీ ఎత్తుకు రావాలె చక్రం. నా మెడ వంగొద్దు."

అతను ఆమె చేతికింద టేపు పెట్టి కొలుచుకుంటూ, "ఏ షాపుకమ్మా ఇది?" అన్నాడు.

"షాపుకు గాదు," అంది అత్తమ్మ, చెయ్యి దించకుండా. "మా ఇంటికి."